రెండో గొట్టం గుర్తుందా?

ప్రశ్న: రెండేళ్లుగా ఒక్క బ్యారెల్ ఉన్న క్యాప్‌లాక్ పిస్తోలు కాలుస్తున్నాను (మూతి వైపు నుంచి మందు, గుండు దట్టించి, వెనక క్యాప్ అనే చిన్న రాగి టోపీని హ్యామర్‌తో కొట్టి పేల్చే పాతకాలపు రకం). ఈమధ్యే కొత్తగా డబుల్ బ్యారెల్ కొన్నాను. పక్కపక్కనే రెండు గొట్టాలు, .50 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం), లోపల గాడులున్న రకం. రెండు హ్యామర్లు, రెండు ట్రిగ్గర్లు. మొదటి రోజే మూడు ఇబ్బందులొచ్చాయి. కుడి బ్యారెల్ పేలాక ఎడమది టక్కుమని ఊరుకుంది. మళ్లీ హ్యామర్ ఎత్తి నొక్కితే పేలింది. ఇలా నాలుగైదు సార్లయింది. రెండు బ్యారెళ్ల గుళ్లు ఒకచోట పడటం లేదు, పాతిక గజాల దూరంలో జానెడు ఎడం వస్తోంది. ఇంటికొచ్చి మరిగే నీళ్లతో కడిగి పెడితే తెల్లారేసరికి లోపల ఎర్రగా తుప్పు. తుపాకీ మందు పెంచితే గుళ్లు దగ్గరపడతాయని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. రెండూ ఒకేసారి పేల్చి చూడు, మజా వస్తుందని ఇంకొకాయన. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ మజా పెద్దమనిషి మాట పక్కన పెట్టేద్దాం. మణికట్టు పట్టుకుని కూర్చునేది ఆయన కాదు, మీరు. .50కి మామూలుగా వాడే .490 అంగుళాల సీసపు గుండు ఒక్కోటి దాదాపు 177 గ్రెయిన్లు, అంటే పదకొండున్నర గ్రాములు. రెండు గుళ్లు, రెండు మోతాదుల మందు ఒక్క దెబ్బకి బయల్దేరితే పిస్తోలు వెనక్కి తన్నడంతో ఆగదు, గొట్టం మూతి పైకి లేచి మీ నుదుటి వైపు వస్తుంది. పిడి దగ్గర కర్ర సన్నబడే చోట చీలిక పడేదీ ఇలాంటి సరదాల వల్లే. ఇంత చేసి వచ్చే లాభం ఏమిటంటే, పొగ రెట్టింపు.

ఇక మీ మూడు ఇబ్బందులు. మూడింటికీ మందుంది, మందు పెంచడం మాత్రం కాదు. ఒక్కొక్కటీ చెప్తాను. కానీ మీరు అడగని నాలుగోది ఒకటుంది, నన్ను ఎక్కువ కంగారు పెట్టేది అదే. సింగిల్ బ్యారెల్ మీద రెండేళ్లు చేయి తిరిగినవాళ్లు డబుల్ బ్యారెల్ చేతికి తీసుకోగానే దీన్ని రెండు సింగిల్ పిస్తోళ్ల కింద లెక్కేస్తారు. అది తప్పు. సింగిల్ పిస్తోలు ఒక సమయంలో ఒకే స్థితిలో ఉంటుంది: నిండి ఉంటుంది, లేదా ఖాళీగా ఉంటుంది. డబుల్ బ్యారెల్లో ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా, ఒకదాని మీద క్యాప్ ఉండి, ఇంకోదాని మీద లేక, ఇలా ఎన్నో కలయికలు. మీరు ఏ గొట్టం గురించి ఆలోచిస్తున్నారో అది మిమ్మల్ని ఏమీ చేయదు. ఆలోచించని రెండోదానితోనే పేచీ.

నా సంగతే చెప్తాను. డబుల్ బ్యారెల్ కొన్న కొత్తలో ఒకరోజు బల్ల దగ్గర నిలబడి కుడి గొట్టంలో మందు పోశాను. అంతలో పక్కన కాలుస్తున్నాయన ఏదో అడిగాడు. తలతిప్పి ఒక నిమిషం మాట్లాడాను. మళ్లీ ఇటు తిరిగి, కొలత పాత్ర నింపుకుని, పోశాను. ఏ గొట్టంలో? కుడి గొట్టంలోనే. తర్వాత గుండుని చుట్టి పట్టే గుడ్డ పీలిక, గుండు పెట్టి రామ్‌రాడ్‌తో, అంటే దట్టించే కడ్డీతో, దింపాను. చేతికి ఏ తేడా తెలియలేదు, గుండు మెత్తగా వెళ్లి కూర్చుంది. కానీ రాడ్ మీద నేను గీసుకున్న గీత గొట్టం మూతి అంచుకి సమానంగా ఉండాల్సింది, ఒక వేలి వెడల్పు పైన నిలబడి ఉంది. రాడ్‌ని ఇంకాస్త నొక్కి చూశాను. కదల్లేదు. ఆ వేలి వెడల్పే రెండో మోతాదు మందు. గీత లేకపోతే క్యాప్ పెట్టి పేల్చేసేవాణ్ణే. ఆ రోజు ఇంక కాల్చలేదు. నిపుల్ (క్యాప్ కూర్చునే చిల్లున్న చిన్న బొడిపె) విప్పి, అందులోంచి నీళ్లు పట్టించి మందు తడిపి, రాడ్ చివర గుండు లాగే మర బిగించి బయటికి తీసేసరికి గంట పట్టింది.

కాబట్టి మొదటి పని, రాడ్ మీద గీతలు. ఖాళీ గొట్టంలో రాడ్ అడుగుకి తాకేదాకా దించి, మూతి దగ్గర ఒక గీత పెట్టండి. మీరు వాడే మోతాదు మందు, పీలిక, గుండు పెట్టి గట్టిగా దించాక ఇంకో గీత. ఎడమ గొట్టం కూడా అలాగే కొలిచి చూడండి, రెండూ ఒకటే లోతు అని ఊహించుకోవద్దు. ఇక ప్రతిసారీ, అంటే ప్రతి ఒక్కసారీ, క్యాప్ పెట్టే ముందు ఆ గీత చూడాలి. గీత పైకి ఉంటే మందు ఎక్కువ పడిందనో, గుండు మధ్యలో ఆగిందనో అర్థం. కిందికి ఉంటే మందు పోయడమే మర్చిపోయారన్నమాట. నేను ఆ రోజు ఎడమ గొట్టానికి చేయబోయింది సరిగ్గా అదే.

రెండో పని ఇంకా తేలిక. బల్ల మీద మందు కొలవడం మానేయండి. ఇంట్లోనే చిన్న చిన్న మూతల సీసాల్లో ఒక్కో మోతాదు కొలిచి పెట్టుకోండి. కాల్చే చోట ఒక జత మాత్రమే బయటికి తీయండి: రెండు సీసాలు, రెండు పీలికలు, రెండు గుళ్లు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఒక సీసా ఖాళీ చేస్తే దాన్ని ఆ వైపే బోర్లించండి. ఎవరైనా పలకరించినా, ఫోన్ మోగినా, తిరిగి చూడగానే బల్లే మీకు లెక్క చెప్తుంది. ఒక గొట్టం పూర్తిగా, మందు నుంచి గీత చూడటం దాకా, అయ్యాకే రెండోదాని జోలికి వెళ్లండి. రెండిట్లో మందు పోసేసి తర్వాత రెండిట్లో గుళ్లు పెట్టేవాళ్లున్నారు. నాకది నచ్చదు.

సీసాలు వాడటానికి ఇంకో కారణం ఉంది. మందు డబ్బా నుంచి నేరుగా గొట్టంలోకి ఎప్పుడూ వంపకూడదు. ముందు పేల్చినప్పటి నిప్పు కణిక ఒకటి లోపల మిగిలి ఉంటే, సీసా అయితే పాతిక గ్రెయిన్ల మంట, డబ్బా అయితే చేతిలో బాంబు. పేల్చాక ఒక నిమిషం ఆగి, కాస్త తడి చేసిన పీలిక ఒకసారి, పొడిది ఒకసారి లోపలికి పోనిచ్చి తర్వాతే మళ్లీ దట్టించండి.

ఇప్పుడు డబుల్ బ్యారెల్‌కి మాత్రమే ఉన్న గండం. కుడిది పేల్చారు, ఎడమది నిండుగా ఉంది, దాని మీద క్యాప్ కూడా ఉంది. కుడిది మళ్లీ నింపుదామని పిస్తోలు నిలబెట్టి మూతి మీదికి చేయి తెచ్చారు. మీ వేళ్లకి అంగుళం దూరంలో ఉన్న గొట్టం పేలడానికి సిద్ధంగా ఉందన్న సంగతి ఆ క్షణంలో గుర్తుండదు. కాబట్టి నియమం ఒకటే: రెండోదాని క్యాప్ తీసి బల్ల మీద పెట్టకుండా మూతి వైపు చేయి వెళ్లకూడదు. హ్యామర్ దించి ఉందిగా, హాఫ్ కాక్‌లో, అంటే సగమే ఎత్తి ఉందిగా అనే లెక్కలు వద్దు. క్యాప్ కళ్లకి కనిపించేలా బల్ల మీదికి రావాలి.

క్యాప్ తీశాక ఆ నిండు గొట్టంలోకీ రాడ్ దించి గీత చూడండి. ఎందుకంటే కుడిది తన్నిన కుదుపుకి ఎడమ గొట్టంలోని గుండు మందు మీద నుంచి కాస్త ముందుకి జరగొచ్చు. పీలిక వదులుగా ఉంటే తప్పకుండా జరుగుతుంది. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉండగా పేలిస్తే గుండు అక్కడ బిరడాలా అడ్డం పడుతుంది, వాయువు వచ్చి దాన్ని గుద్దుకుంటుంది. గొట్టం ఆ చోట ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. ఉబ్బిన బ్యారెళ్లలో చాలావాటి కథ ఇదే. మందు ఎక్కువై కాదు, గుండు అడుగుదాకా దిగక.

ఇవన్నీ చదివి భయపడకండి. మొదటి నాలుగైదు సార్లు ఒక్క గొట్టమే నింపి, ఒక్కటే పేల్చండి. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. రెండోది ఖాళీగా, క్యాప్ లేకుండా ఉంటుంది. చేతికి అలవాటయ్యాక రెండూ నింపొచ్చు. అప్పుడు కూడా ఒకసారికి ఒక్క హ్యామరే ఎత్తండి. రెండు ట్రిగ్గర్లున్న పిస్తోలు తన్నినప్పుడు వేలు ముందు ట్రిగ్గర్ మీద నుంచి జారి వెనకదాని మీద పడుతుంది. రెండు హ్యామర్లూ ఎత్తి ఉంటే మీరు కోరుకోకుండానే ఆ పెద్దమనిషి కోరిక తీరిపోతుంది.

ఇక ఎడమది టక్కుమని ఊరుకోవడం. మీరే జవాబు సగం రాసేశారు: రెండోసారి హ్యామర్ కొడితే పేలింది అన్నారు. అంటే క్యాప్ నిపుల్ మీద అడుగుదాకా కూర్చోలేదు. మొదటి దెబ్బ బలమంతా దాన్ని కిందికి దించడానికే సరిపోయింది. రెండో దెబ్బకి అది గట్టి చోట కూర్చుని ఉంది కాబట్టి పేలింది. నిపుల్ రంధ్రం మూసుకుపోతే, మందు తడిస్తే ఇలా జరగదు, రెండో దెబ్బకీ పలకదు.

మరి ఎప్పుడూ ఎడమదే ఎందుకు? మీరు ఎప్పుడూ కుడిదే ముందు పేలుస్తున్నారు కాబట్టి అయ్యుంటుంది. మొదటి కుదుపుకి రెండో నిపుల్ మీద ఉన్న క్యాప్ పైకి లేస్తుంది, ఒక్కోసారి ఊడి కింద కూడా పడుతుంది. ఒక చిన్న పరీక్ష చేయండి. ఈసారి ఎడమది ముందు, కుడిది తర్వాత పేల్చండి. ఇబ్బంది కుడివైపుకి మారితే తప్పు కుదుపుది. ఎడమవైపే ఉండిపోతే ఆ నిపుల్ కొంచెం లావుగా ఉందన్నమాట. నిపుల్‌కి తగ్గ సైజు క్యాప్ వెతుక్కోండి. 10వ నంబరు, 11వ నంబరు అని ఉంటాయి, కానీ ఒక కంపెనీ 11 ఇంకో కంపెనీ 11తో సరిగ్గా కలవదు. రెండు మూడు రకాలు తెచ్చి చూడటమే. పెట్టేటప్పుడు బొటనవేలితో కాకుండా చిన్న చెక్కపుల్లతో నిటారుగా నొక్కండి, మూతి టార్గెట్ వైపే ఉంచి.

ఈ క్యాప్ ఒకటి పుట్టడానికి కారణం పక్షులంటే మీకు నవ్వొస్తుంది. అంతకుముందు చెకుముకి రాయి తుపాకులే. రాయి నిప్పురవ్వలు రాల్చి, పళ్లెంలో మందు భగ్గుమని, ఆ తర్వాత క్షణానికి తుపాకీ పేలేది. స్కాట్లాండ్‌లో అలెగ్జాండర్ జాన్ ఫోర్సిత్ అనే మతబోధకుడికి వేట పిచ్చి. పళ్లెంలో మెరుపు చూసి పక్షి తప్పించుకుపోతోందని విసుగెత్తి, దెబ్బకి పేలే రసాయనం వైపు వెళ్లాడు. 1807లో పేటెంట్ తీసుకున్నాడు. అందులోంచే తర్వాత ఈ రాగి టోపీలు వచ్చాయి. మెరుపు లేదు, ఆలస్యం లేదు. కానీ టోపీ సరిగ్గా కూర్చోకపోతే ఏమీ లేదు.

అసలు పలకనే పలకకపోతే ఏం చేయాలో కూడా ఒక మాట. పిస్తోలు టార్గెట్ వైపే పట్టుకుని కనీసం ఒక నిమిషం కదలకుండా ఉండండి. లోపల మందు నెమ్మదిగా రాజుకుంటూ ఉండొచ్చు. మూతిలోకి తొంగి చూడటం, దులపడం చేయకండి. నిమిషం తర్వాత క్యాప్ మార్చి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ పలకకపోతే నిపుల్ రంధ్రంలో నూనె చేరి ఉండొచ్చు. కొత్త పిస్తోళ్లలో ఇది మామూలే, ఫ్యాక్టరీ నుంచి నూనెలో మునిగి వస్తాయి. అందుకే కాల్చడానికి ముందు పొడి పీలికలతో రెండు గొట్టాల్లో నూనె తుడిచి, ఖాళీ గొట్టాల మీద రెండేసి క్యాప్‌లు పేల్చాలి. పేల్చేటప్పుడు మూతి ముందు నేల మీద ఒక ఎండుటాకు ఉంచండి. క్యాప్ గాలి గొట్టం అంతా దాటొచ్చి ఆ ఆకుని కదిపితే దారి తెరిచి ఉందన్నమాట. కదలకపోతే మందు పోయకండి.

ఇప్పుడు జానెడు ఎడం. ఇది మీ చేతి తప్పు కాదు, పిస్తోలు తప్పూ కాదు. పిడి మధ్యలో ఉంది, కుడి గొట్టం మధ్యగీతకి కుడివైపు ఉంది. అది పేలినప్పుడు తన్ను కూడా కుడివైపు నుంచే వస్తుంది కాబట్టి మూతి కాస్త కుడికి తిరుగుతుంది. ఎడమది ఎడమకి. గుండు గొట్టం దాటే లోపే ఈ తిరగడం మొదలైపోతుంది. తయారుచేసేవాళ్లకి ఈ సంగతి తెలుసు, అందుకే రెండు గొట్టాలనీ మూతి దగ్గర కొంచెం లోపలికి వంచి అతుకుతారు. లోపలి వంపు, బయటి తిరుగుడు ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి. అవి సరిగ్గా కొట్టేసుకునేది ఒక్క మోతాదు మందుకి, ఒక్క బరువు గుండుకి, ఒక్క దూరానికి.

అంటే మీ ఫ్రెండ్ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. గుండు వేగం తక్కువైతే గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది, మూతి ఎక్కువ తిరుగుతుంది, కుడిది కుడికీ ఎడమది ఎడమకీ పడతాయి. అప్పుడు మందు కొద్దిగా పెంచితే దగ్గరకొస్తాయి. కానీ కుడి గొట్టం గుండు ఎడమవైపు, ఎడమ గొట్టం గుండు కుడివైపు పడుతూ దారులు దాటుతుంటే మందు ఇప్పటికే ఎక్కువ. పెంచితే ఇంకా దూరమవుతాయి. ఏ గొట్టం గుండు ఏ వైపు పడిందో మీరు రాయలేదు. మీ ఫ్రెండ్ కూడా అడిగినట్టు లేదు.

ఈసారి ఇలా చేయండి. పాతిక గజాలు వదిలేసి పది గజాల దగ్గర మొదలుపెట్టండి. చేతులు మెత్తటి ఇసుక సంచీ మీద ఆనించండి, గొట్టాల్ని మాత్రం సంచీకి తగలనివ్వకండి. కుడి గొట్టంతో ఐదు, వేరే కాగితం మీద ఎడమ గొట్టంతో ఐదు. ఒక్కో కాగితం మీద గొట్టం పేరు, మందు మోతాదు రాయండి. ఒక్కో గొట్టం గుళ్లు ఒక గుంపుగా పడుతున్నాయా లేదా అన్నది ముందు తేలాలి. గుంపే లేకపోతే రెండు గొట్టాల మధ్య ఎడం గురించి మాట్లాడుకోవడం అనవసరం. గుంపులు కుదిరాక, తయారీదారు పుస్తకంలో ఇచ్చిన హద్దు లోపలే, రెండు మూడు గ్రెయిన్ల చొప్పున అటో ఇటో మార్చి చూడండి. .50 పిస్తోళ్లలో చాలావాటికి పాతిక గ్రెయిన్లు నిదానమైన మొదలు. అయినా మీ మోడల్‌కి పుస్తకంలో అంతకన్నా తక్కువ రాసుంటే అదే మాట చెల్లుతుంది, నా మాట కాదు.

గుంపు కుదరకపోతే నేల చూడండి. పేల్చిన గుడ్డ పీలిక నాలుగైదు అడుగుల నుంచి పది పదిహేను అడుగుల దాకా ఎక్కడో పడి ఉంటుంది. దాన్ని ఏరి చేతిలో పరిచి చూస్తే చాలా తెలుస్తుంది. మధ్యలో గుండ్రటి నల్లటి మచ్చ, చుట్టూ గాడుల గుర్తులు, అంచులు కొద్దిగా పీచులుగా ఉంటే బాగున్నట్టే. మధ్యలో కాలి చిల్లు పడితే గుడ్డ పల్చగా ఉంది, లేదా జిడ్డు సరిపోలేదు. కాలకుండా బ్లేడుతో కోసినట్టు సన్నటి చీలికలుంటే మీ కొత్త బ్యారెల్ గాడుల అంచులు ఇంకా పదునుగా ఉన్నాయన్నమాట. కొత్తవాటిలో ఇది ఎక్కువ, కాలుస్తూ పోతే అరిగి నున్నబడుతుంది. మీకు జరుగుతున్నది ఇదేనని నా అనుమానం. రెండు గొట్టాల పీలికలు కలిపేయకండి, ఒకటి పదునుగా, ఒకటి నున్నగా ఉండొచ్చు.

ఎంత చేసినా పాతిక గజాల దగ్గర రెండు గొట్టాలూ ఒకే చిల్లులో వేస్తాయని ఆశపడొద్దు. ఈ రకం పిస్తోలు దేనికి పుట్టిందో గుర్తు తెచ్చుకోండి. 19వ శతాబ్దంలో ఏనుగు మీద కూర్చుని పులివేటకి వెళ్లిన ఇంగ్లీషు దొరలు దీన్ని దగ్గర పెట్టుకునేవాళ్లు. మన అంబారీ లాంటి హౌదా పేరే దీనికి అంటుకుని హౌదా పిస్తోలు అయింది. మొదట్లో కొన్నిటిని పెద్ద తుపాకుల గొట్టాలు కురచగా కోసి చేశారు. గాయపడిన పులి ఏనుగు కుంభస్థలం మీదికి ఎగబాకితే గురి చూసే పని లేదు, రెండు గజాల దూరంలో రెండు పెద్ద గుళ్లు, అంతే. 1836లో కోల్ట్ రివాల్వర్‌కి పేటెంట్ వచ్చాక కూడా ఇవి చాలాకాలం బతికాయంటే కారణం ఉంది: గుండు పెద్దది, పైగా రెండు గొట్టాలకీ రెండు వేర్వేరు యంత్రాలు. ఒకటి మొరాయించినా రెండోది ఉంది. మీ కాగితం టార్గెట్ మీద పులి దూకదు కాబట్టి, ఒక గొట్టానికి గురి చూసే సైటు కుదుర్చుకుని, రెండోదానితో ఎంత పక్కకి గురి పెట్టాలో నేర్చుకోవడం తెలివైన పని. చాలామందిమి చివరికి చేసేది అదే.

మందు సంగతి. మన భాషలో తుపాకీ మందు అంటే ఇదే, కానీ నల్ల మందు అని రాస్తే ఇంకేదో అనుకుంటారు కాబట్టి బ్లాక్ పౌడర్ అనే అంటాను. పిస్తోళ్లకి సాధారణంగా డబ్బా మీద మూడు ఎఫ్‌లు (FFF) రాసి ఉన్న రకం వాడతారు. ఎఫ్‌లు పెరిగేకొద్దీ రవ్వ సన్నబడుతుంది, మంట వేగం పెరుగుతుంది. దీన్ని త్రాసులో తూచరు, కొలత పాత్రతో కొలుస్తారు. బ్లాక్ పౌడర్‌కి బదులు వాడే పైరోడెక్స్‌ని అదే పాత్రతో అంతే కొలవొచ్చు. అలాంటిదే ఇంకో బదులు మందు ట్రిపుల్ సెవెన్ మాత్రం ఘాటు ఎక్కువ, 15 శాతం తగ్గించమని దాని తయారీదారులే చెప్తారు.

పొగరాని మందు, అంటే స్మోక్‌లెస్ పౌడర్, ఇందులో చిటికెడు కూడా పడకూడదు. కలిపి కూడా వాడకూడదు. 1884లో ఫ్రాన్స్‌లో పోల్ వియే తయారుచేసిన దగ్గర నుంచి తుపాకుల ఉక్కు, నిర్మాణం దానికి తగ్గట్టు మారాయి. మీ పిస్తోలు కొత్తగా చేసినదే అయినా నిర్మాణం పాతది. స్మోక్‌లెస్ మందు ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా వేగంగా మండుతుంది. అదే కొలత పాత్రతో అది పోస్తే బ్యారెల్ చీలుతుంది, పక్కనే మీ చేయి ఉంటుంది. బ్యారెల్ మీద ముద్రలు ఒకసారి చదవండి. ఇలాంటి రెప్లికాలు, అంటే పాతవాటి నకళ్లు, చాలావరకు ఇటలీలో గార్డోనె వాల్ ట్రోంపియా ప్రాంతంలో తయారవుతాయి. అక్కడి పరీక్షా కేంద్రం వాటి మీద పిఎన్ అని కొడుతుంది. పోల్వెరే నేరా, అంటే బ్లాక్ పౌడర్‌కి మాత్రమే అని అర్థం.

తుప్పు విషయంలో మీరు బద్ధకించలేదు, అదే రోజు కడిగారు. పొరపాటు నీళ్ల వేడిలో ఉంది. బ్లాక్ పౌడర్ మండితే బరువులో సగానికి పైగా గట్టి పదార్థంగా మిగిలిపోతుంది. కొంత పొగై పోతుంది, మిగతాది మసై గొట్టానికి అంటుకుంటుంది. అందులోని పొటాషియం లవణాలు గాల్లో తేమని లాగుతాయి. నీళ్లతో కడగడమే సరైన మందు, ఎందుకంటే ఈ లవణాలు నీళ్లలోనే కరుగుతాయి, నూనెలో కాదు. కానీ సలసలా మరిగే నీళ్లు పోస్తే ఇనుము వేడెక్కి, తడి ఆవిరైపోతూ, శుభ్రంగా ఏ రక్షణా లేని ఉక్కు మీద అప్పటికప్పుడే పల్చటి ఎర్ర పొర కట్టేస్తుంది. మీరు చూసింది అదే అయ్యుంటుంది. నూనె పీలికతో నాలుగుసార్లు రుద్దితే పోతుంది, గుంటలు పడి ఉండవు.

ఇకమీదట గోరువెచ్చటి నీళ్లు, అందులో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు. నిపుల్స్ రెండూ విప్పి నానబెట్టండి. ఏ వైపుది ఆ వైపుకే తిరిగి వెళ్లేలా విడివిడిగా పెట్టుకోండి. పీలికలు తెల్లగా వచ్చేదాకా తోమి, మామూలు నీళ్లతో కడిగి, పొడి పీలికలు వరసగా ఆరేడు పోనివ్వండి. రెండు గొట్టాలు కలిసే బద్ద కింద, నిపుల్ గుంటల్లో తడి దాక్కుంటుంది, అక్కడ కూడా గుడ్డ మొనతో తుడవండి. త్వరగా ఆరుతుందని మంట మీద మాత్రం పట్టకండి, బద్దల్ని టంకంతో అతికి ఉంటారు, వేడికి వదులైతే గొట్టాల వరస చెడుతుంది. తర్వాత నూనె. నిపుల్ మరలకి కొద్దిగా గ్రీజు రాసి బిగిస్తే వచ్చేసారి సులువుగా వస్తాయి. పిస్తోలు కొన్ని గంటలు మూతి కిందికి పెట్టి ఉంచండి, లేకపోతే నూనె జారి నిపుల్ దారిలోకి చేరుతుంది, మళ్లీ టక్కుమనే కథ మొదటికొస్తుంది. మర్నాడు తెల్ల పీలిక ఒకటి రెండు గొట్టాల్లోనూ లాగి చూడండి. పసుపో ఎరుపో అంటితే ఇంకోసారి నూనె.

మిగతావి మీకు తెలిసినవే. కళ్లద్దాలు, చెవులకి రక్షణ ఉండాలి, క్యాప్ ముక్కలు పక్కకి ఎగురుతాయి, ఇక్కడ రెండు నిపుల్స్ ఉన్నాయి కాబట్టి రెండు వైపులా. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు. మందు దాని డబ్బాలోనే, క్యాప్‌లకి దూరంగా. చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఇలాంటి రెప్లికాని కొన్నిచోట్ల పాతకాలపు వస్తువుగా చూస్తారు, కొన్నిచోట్ల మామూలు తుపాకీలాగే లైసెన్స్ అడుగుతారు. సింగిల్‌కి ఉన్న అనుమతి దీనికి సరిపోతుందని అనుకోకుండా కనుక్కోండి.

ఈసారి కాల్చి వచ్చాక రెండు కాగితాల ఫొటోలు, ఏరిన పీలికల ఫొటోలు గొట్టం పేరు రాసి పంపండి. ఎడమది ముందు పేలిస్తే టక్కుమంటున్నది ఏ వైపో కూడా చెప్పండి. మందు రెండు గ్రెయిన్లు పెంచాలా తగ్గించాలా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.